వంపు రావాలి, విరుపు రాకూడదు

చేతిపని: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మోడల్ రైల్వే మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతున్నాయి: ఫ్లెక్స్ ట్రాక్‌ను వంపు తిప్పడం. ఫ్లెక్స్ ట్రాక్ అంటే గజం పొడవున, అంటే 914 మి.మీ., తిన్నగా వచ్చే ముక్క. పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్ల మధ్య కట్లు అక్కడక్కడా తెగి ఉంటాయి కాబట్టి మనం కోరిన వంపుకి తిరుగుతుంది. కింది కొలతలన్నీ హెచ్‌ఓ స్కేలుకి, అంటే అసలులో 87వ వంతుకి. అందులో పట్టాల మధ్య దూరం, అంటే గేజ్, 16.5 మి.మీ. వేరే స్కేలు అయినచోట ఆ సంగతి చెప్పాం.

ప్రశ్న: ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు మీద లూప్ వేశాను. గీత గీసుకుని, గీత మీదే ట్రాక్ వంచి అంటించాను. తిన్నని చోట అంతా బాగుంది. వంపులో మాత్రం రెండు ముక్కలు కలిసే చోట ఇంజను ముందు బోగీ (బండి కింద చక్రాలుండే చట్రం) ప్రతిసారీ పట్టా తప్పుతోంది. ఇంజను మార్చినా అంతే. గీత తప్పిందా?
(ఆమదాలవలస పాఠకుడు)

జవాబు: గీత తప్పలేదు. తప్పు జాయింటులో ఉంది.

పట్టాను వంచాలంటే వంచే చోటికి అటూ ఇటూ పట్టు దొరకాలి. ముక్క మధ్యలో అది దొరుకుతుంది, చివరి రెండంగుళాల్లో దొరకదు. అక్కడ పట్టా తిన్నగానే ఉండిపోతుంది. అలాంటి తిన్నని చివర్లు రెండు వంపు మధ్యలో కలిశాయంటే అక్కడ గుండ్రం పోయి మోచేయిలా ఒక కోణం తేలుతుంది. పైనుంచి చూస్తే కనబడదు. బల్ల ఎత్తుకి తల వంచి, ఒక కన్ను మూసి పట్టా వెంటే చూడండి, వెంటనే తెలిసిపోతుంది. ముందు బోగీ చక్రం అంచు ఆ కోణానికి తగిలి బయటి పట్టా మీదికి ఎక్కేస్తుంది. జాయినర్‌ని, అంటే రెండు పట్టాల కొసల్ని కలిపే చిన్న లోహపు తొడుగుని, పట్టకారుతో ఎంత నొక్కినా ఈ విరుపు పోదు. నొక్కితే జాయినర్ వదులవుతుంది, అంతే.

చేయాల్సింది ముందు అతుకు, తరవాత వంపు. రెండు ముక్కల్నీ బల్ల మీద తిన్నగా పెట్టి, ఇనుప స్కేలుకి ఆనించి, జాయినర్ వేసి టంకం పెట్టేయాలి. 1828 మి.మీ. ఒకే ముక్క అయ్యాక వంచాలి. అప్పుడు అతుకు కూడా మిగతా పట్టాతో పాటే తిరుగుతుంది.

మీ షీటుకి లెక్క ఇలా వస్తుంది. వెడల్పు 1220. రెండు పక్కలా అంచుకి 60 మి.మీ. వదిలితే రేడియస్ 550. అర్ధవృత్తానికి బయటి పట్టా సుమారు 1755 మి.మీ. తింటుంది, లోపలి పట్టా 1700. అతికిన ముక్క 1828 కాబట్టి సరిపోయి, బయటి వైపు 73, లోపలి వైపు 128 మిగులుతుంది. చాలామంది మధ్య గీతను కొలుస్తారు. దాని ప్రకారం 1728 చాలనిపిస్తుంది, తీరా వంచాక బయటి పట్టా 27 మి.మీ. పొట్టిదవుతుంది. లెక్క ఎప్పుడూ బయటి పట్టాకే వేయండి. ఇంకో సంగతి: లోపలి, బయటి పట్టాల తేడా రేడియస్‌ని బట్టి మారదు, ఎంత కోణం తిరిగిందన్నదాన్ని బట్టే మారుతుంది. 90 డిగ్రీలకి సుమారు 27 మి.మీ., 180 డిగ్రీలకి 55. వంపు పెద్దదైనా చిన్నదైనా ఇంతే.

టంకం దగ్గర జరిగే పొరపాటు సన్న సోల్డరింగ్ ఐరన్ వాడడం. తక్కువ వేడి అయితే స్లీపర్లు కరగవనుకుంటారు. నిజానికి 15 వాట్లది పట్టాను వేడెక్కించడానికి అర నిమిషం తీసుకుంటుంది, ఈలోగా వేడి పాకి పక్క స్లీపర్లు మెత్తబడతాయి. 35 నుంచి 40 వాట్ల ఐరన్, ఉలి మొన బిట్టు, 60/40 రోజిన్ కోర్ టంకం తీగ వాడండి. పట్టా బయటి పక్కని, జాయినర్‌ని ఆకురాయితో మెరిసేదాకా గీరి, కొంచెం రోజిన్ పేస్టు రాసి, ఐరన్ బయటి పక్క నుంచి ఆనిస్తే రెండు మూడు సెకన్లలో టంకం జాయినర్‌లోకి పీల్చుకుంటుంది. అతుకుకి అటూ ఇటూ తడి దూది ముద్దలు పెట్టండి. రేకుల పనికి వాడే యాసిడ్ మాత్రం వద్దు, మన తీర ప్రాంతపు తేమలో నెల తిరిగేసరికి అతుకు పచ్చబడుతుంది. పట్టా లోపలి పక్కకి టంకం పాకితే చక్రం అంచుకి తగులుతుంది, దాన్ని ఆకురాయితో తీసేయాలి.

జాయినర్ ఎక్కాలంటే ప్రతి ముక్క చివరా రెండేసి స్లీపర్లు ముందే కోసి తీసేయాలి. పారేయకండి. అంతా అంటించాక వాటి మీది పట్టా పట్టుకునే బొడిపెల్ని బ్లేడుతో చెక్కి, ఖాళీలోకి కిందనుంచి దూర్చితే చోటు నిండుతుంది.

వంచడానికి బలం అక్కర్లేదు. మధ్యలో మొదలుపెట్టి రెండు బొటనవేళ్లతో కొద్దికొద్దిగా చివర్ల వైపు జరుపుతూ, మూడు నాలుగు విడతల్లో గీత మీదికి తేవాలి. ఒకే చోట గట్టిగా నొక్కితే పట్టాలో అల పడుతుంది. పడిన అలని పూర్తిగా తీయడం ఎవరి వల్లా కాదు. గీత మీద కూర్చున్నాక స్లీపర్ల పక్కన నోటీసు బోర్డు పిన్నులు గుచ్చి నిలపండి. స్లీపరు మధ్యలో మేకు కొడితే స్లీపరు కిందికి గుంజుకుని రెండు పట్టాలూ దగ్గరవుతాయి. గేజ్ ఇరుకై పట్టా తప్పడం మళ్లీ మొదలవుతుంది, ఈసారి కారణం దొరకడం ఇంకా కష్టం.

మిగిలిన పట్టా కోసేటప్పుడు రైల్ కట్టర్ చదును వైపు మీరు ఉంచుకునే ముక్క వైపే ఉండాలి. తెగిన తునక బుల్లెట్‌లా ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. కోసిన చివర చదునుగా రాసి, తల లోపలి మూలని, అడుగు అంచుల్నీ ఆకురాయితో ఒకటి రెండు గీతలు గీస్తే జాయినర్ బలవంతం లేకుండా ఎక్కుతుంది.

ఇప్పటికే అంటించేశారు కాబట్టి వంపు ఒక్కటే ఊడదీయండి. ఫెవికాల్ అయితే గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట ఆగి, పుట్టీ బ్లేడు కింద దూరిస్తే ట్రాక్ పాడవకుండా లేస్తుంది. వేరే గట్టి జిగురు వాడి ఉంటే ఆ ముక్కలు పోయినట్టే.

ప్రశ్న: మా గుంటడికి ఇంటర్ పరీక్షలయిపోయాయి, రైలు బల్ల కడతానంటున్నాడు. ఫ్లెక్స్ ట్రాక్‌లో వంచితే వెనక్కి తిరిగిపోయేదొకటి, వంచిన చోటే నిలిచేదొకటి ఉన్నాయట. ఏది కొనమంటారు? హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి వంచితే నిలుస్తుందని ఎవరో చెప్పారట.
(బొబ్బిలి పాఠకురాలు)

జవాబు: డ్రయ్యర్ సంగతి మరిచిపొమ్మనండి. వంగాల్సింది లోహపు పట్టా, అది చల్లగానే వంగుతుంది. డ్రయ్యర్ వేడికి మెత్తబడేది ప్లాస్టిక్ స్లీపరు. పట్టాని పట్టుకునే బొడిపెలు వదులై గేజ్ పాడవుతుంది.

రకాల సంగతికొస్తే, అట్లాస్ వాళ్ల ట్రాక్ స్ప్రింగులా వెనక్కి వస్తుంది. అందులో ఒక పట్టా స్లీపర్లలో జారుతుంది, రెండోది బిగుతు. మైక్రో ఇంజనీరింగ్ వాళ్లది గట్టిది, వంచిన చోటే ఉంటుంది. పీకో ఈ రెంటికీ మధ్యస్తం. మొదటిసారి చేసేవాళ్లకి స్ప్రింగు రకమే మంచిదని మా అభిప్రాయం. చేతిలో నిలవదని విసుగు పుడుతుంది గానీ, దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. పిన్నులు ఎక్కువ పడతాయి, అంతే. గట్టి రకం చూడ్డానికి బాగుంటుంది, దాని స్లీపర్లు కూడా సన్నగా నిజమైనవాటిలా ఉంటాయి. కానీ కొత్త చేతిలో అంగుళానికో అల పడుతుంది, పైగా వంచేటప్పుడు లోపలి పట్టా జారనని మొరాయిస్తుంది.

స్ప్రింగు రకంలో జారే పట్టా వంపు లోపలి వైపు ఉండాలి. మిగిలే పట్టా అంతా ఒక్క పక్కకే వచ్చి కోయడం సులువవుతుంది. రెండు ముక్కలు అతికేటప్పుడు రెంటిలోనూ జారే పట్టా ఒకే వైపు ఉందో లేదో టంకం పెట్టక ముందే చూసుకోవాలి. ఒకటి అటు, ఒకటి ఇటు అయితే అతికిన ముక్క వంగనే వంగదు.

పార్సిల్‌లో తెప్పిస్తుంటే పీవీసీ గొట్టంలో పెట్టి పంపమని ముందే రాయండి. అట్టపెట్టెలో వచ్చిన ట్రాక్ దారిలోనే ఎవరికీ అక్కర్లేని వంపు తిరిగి వస్తుంది. పట్టా నికెల్ సిల్వర్‌దే తీసుకోండి. ఉక్కు పట్టా చవకే గానీ మన గాలికి తుప్పు పడుతుంది.

ప్రశ్న: హౌరా – చెన్నై లైనులా డబుల్ ట్రాక్ వేశాను. బయటి లైను రేడియస్ 600, లోపలిది 550, మధ్య 50 మి.మీ. గూడ్స్ బళ్లు హాయిగా తిరుగుతున్నాయి. ఐసీఎఫ్ కోచీలు (పెరంబూరు ఫ్యాక్టరీ డిజైను పాసింజరు పెట్టెలు) ఎదురుపడితే మాత్రం వంపులో రాసుకుంటున్నాయి. తిన్నని చోట బోలెడు ఖాళీ ఉంది మరి!
(విజయనగరం పాఠకుడు)

జవాబు: రాసుకోకపోతేనే ఆశ్చర్యం. ఐసీఎఫ్ కోచీ బాడీ పొడవు 21,337 మి.మీ., బోగీల మధ్య దూరం 14,783, వెడల్పు 3,245. మోడల్లో అవి 245, 170, 37.3 అవుతాయి. వంపులో కోచీ నడుము లోపలికి నెడుతుంది, కొనలు బయటికి పొడుస్తాయి.

నడుము ఎంత నెడుతుందో తెలియాలంటే బోగీల దూరాన్ని దానితోనే గుణించి, రేడియస్‌కి 8 రెట్లతో భాగించండి. బయటి లైనులో 170 × 170 ÷ 4800, అంటే 6 మి.మీ. కొనలకైతే బాడీ పొడవు వర్గంలోంచి బోగీల దూరం వర్గం తీసేసి అలాగే భాగించాలి. లోపలి లైనులో 31,125 ÷ 4400, అంటే 7.1. రెండూ కలిపితే 13.1, దానికి కోచీ వెడల్పు 37.3 చేరిస్తే 50.4. మీరిచ్చింది 50. అర మిల్లీమీటరు దగ్గర గుద్దుకుంటున్నాయి.

వంపులో 60 మి.మీ. ఇవ్వండి, తొమ్మిది మిల్లీమీటర్ల పైన ఖాళీ దొరుకుతుంది. దీనికి బయటి లైనుని కదపక్కర్లేదు. లోపలి లైను రేడియస్ 540 చేసి, వృత్తాల కేంద్రం ఒకటే ఉంచండి. తిన్నని చోట 50, వంపులో 60 ఎలా కుదురుతుందంటే, తిన్నని లైను వంపులోకి దిగే చోట పెట్టే ఎంట్రీ వంపు లోపలి లైనుకి పొడవుగా ఉండాలి. బయటి లైనుకి 350 మి.మీ. అయితే లోపలి లైనుకి 490. ఈ లెక్క కింద చీపురుపల్లి పాఠకుడికిచ్చిన జవాబులో ఉంది.

అసలు ఎంత రేడియస్ ఉండాలన్నది వేరే ప్రశ్న. బళ్లలో పొడవైనదాన్ని తీసుకుని దాని పొడవుకి మూడు రెట్లు ఇస్తే దేనికీ ఇబ్బంది లేదు. రెండున్నర రెట్లకి నడుస్తుంది, రెండు రెట్లకి దిగితే కప్లింగ్ బోగీకే తగిలించి ఉండాలి, లేకపోతే పక్క కోచీని లాగి పట్టా తప్పిస్తుంది. బఫర్ల దాకా ఐసీఎఫ్ కోచీ 256 మి.మీ., ఎల్‌హెచ్‌బీ (ఇంకా పొడవైన కొత్త రకం కోచీ) 276. అంటే 600 రేడియస్‌కి ఐసీఎఫ్ రెండు రెట్ల పైన, రెండున్నరకి లోపల. ఎల్‌హెచ్‌బీ అయితే అంచు మీద నడక. బొగ్గు మోసే బాక్స్ ఎన్ వ్యాగను 123 మి.మీ. మాత్రమే, మీ 550లో నాలుగు రెట్లు దాటింది, అందుకే గూడ్స్ హాయిగా తిరుగుతోంది. చోటు తక్కువున్నవాళ్లు గూడ్స్ లైను కట్టుకోవడం మేలని మేం ఎప్పుడూ చెబుతాం.

నిజమైన లైనుని అచ్చంగా దింపుతాననే వాళ్లకి ఒక మాట. మన రైల్వేలో వంపు ఎంత ఇరుకో డిగ్రీల్లో చెబుతారు, ఆ డిగ్రీతో 1750ని భాగిస్తే రేడియస్ మీటర్లలో వస్తుంది. బ్రాడ్ గేజ్‌లో అనుమతి 10 డిగ్రీల దాకా, అంటే 175 మీటర్లు. అంతకన్నా ఇరుకు వంపు ఉండకూడదు. దాన్ని 87తో భాగిస్తే రెండు మీటర్లు! మామూలు గదిలో అర్ధవృత్తం పట్టదు. కాబట్టి బ్రాడ్ గేజ్ మోడల్లో ప్రతి వంపూ రాజీయే.

ప్రశ్న: నౌపడా – గుణుపూర్ చిన్న లైను మోడల్ చేయాలని ఉంది. 9 మి.మీ. ఎన్ స్కేలు (అసలులో 160వ వంతు) ట్రాక్ వాడొచ్చా? ఎంత ఇరుకుగా వంచొచ్చు?
(టెక్కలి పాఠకుడు)

జవాబు: మంచి ఎంపిక. పైన చెప్పిన రాజీ అక్కర్లేని లైను ఇదే. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలై, 1931కి గుణుపూర్ చేరిన ఈ లైను 762 మి.మీ. గేజ్, అంటే రెండున్నర అడుగులు. బ్రాడ్ గేజ్ చేయడానికి 2004లో ఆపారు. 762ని 87తో భాగిస్తే 8.76. పావు మిల్లీమీటరు తేడాతో 9 మి.మీ. ట్రాక్ సరిపోయింది. బ్రాడ్ గేజ్‌కి ఈ అదృష్టం లేదు, అక్కడ 19.3 ఉండాల్సిన చోట 16.5తో సరిపెట్టుకుంటున్నాం.

నేరో గేజ్‌లో రైల్వే 40 డిగ్రీల దాకా ఒప్పుకుంటుంది, అంటే 44 మీటర్ల లోపు. మోడల్లో 503 మి.మీ. మూడున్నర అడుగుల బల్ల మీద నిజమైన స్కేలు వంపు! చిన్న ఇంజను, నాలుగు చక్రాల బళ్లయితే 250 దాకా దిగినా నడుస్తాయి, కానీ ఆ అవసరం లేనప్పుడు దిగకండి.

ఎన్ ట్రాక్‌తో చిక్కు గేజ్ కాదు, స్లీపర్లు. 160వ వంతుకి చేసిన స్లీపర్లు 87వ వంతు బండి కింద మరీ సన్నగా, మరీ దగ్గరగా కనబడతాయి. నేరో గేజ్ కోసమే 9 మి.మీ.లో పీకో వాళ్ల ఫ్లెక్స్ ట్రాక్ ఉంది, దానికి స్లీపర్లు వెడల్పుగా, ఎడంగా ఉంటాయి. ధర ఎక్కువే. ఎన్ ట్రాకే వాడాలంటే స్లీపర్ల మధ్య కట్లు కోసి, కొన్ని తీసి, మిగతావి ఎడంగా జరపాలి. అలా చేస్తే ట్రాక్ వదులైపోతుంది, వంపులో గేజ్‌ని స్లీపరే కాపాడాలి కదా. కాబట్టి బల్ల మీద పలచగా జిగురు పూసి, జరిపిన ప్రతి స్లీపరునీ అక్కడే నొక్కి, ఎన్ చక్రాల జతని దొర్లిస్తూ గేజ్ చూసుకుంటూ పోవాలి. చక్రాలు బిగిసిన చోట జిగురు ఆరకముందే సర్దాలి. లోపలి పట్టా మిగులు ఇందులో 90 డిగ్రీలకి 15 మి.మీ. దాకా ఉంటుంది.

ప్రశ్న: మేడ మీద రేకుల గదిలో లేఅవుట్. వానాకాలంలో ట్రాక్ వేశాను. మే నెలలో చూస్తే వంపు బయటికి ఉబ్బి, పిన్నులు పీక్కుని వచ్చేసింది. పట్టాల మధ్య ఖాళీ ఎంత వదలాలి?
(సోంపేట పాఠకుడు)

జవాబు: రెండు కారణాలు కలిశాయి. మొదటిది వేడి. నికెల్ సిల్వర్ పట్టా మీటరుకి, 10 డిగ్రీల వేడికి సుమారు 0.17 మి.మీ. సాగుతుంది. అతికిన 1828 ముక్కకి రేకుల గదిలో 25 డిగ్రీల తేడా వస్తే 0.8 మి.మీ. దాకా. తిన్నని చోట ఈ సాగుడు జాయినర్‌లో సర్దుకుంటుంది. వంపులో చోటు లేకపోతే బయటికే తోస్తుంది.

రెండోది చెక్క. వానల్లో తేమ తాగి ఉబ్బిన బల్ల మీద చివరలు ఆనించి వేశారు. బల్ల ఎండి ముడుచుకుంది, పట్టా ముడుచుకోదు. చాలా లేఅవుట్లలో పట్టా వేడికన్నా చెక్క తేమే ఎక్కువ అల్లరి చేస్తుంది. ఎండీఎఫ్ (చెక్క పొడితో ఒత్తిన షీటు) అయితే మరీనూ. 12 మి.మీ. బీడబ్ల్యూఆర్ (నీటికి తట్టుకునే రకం) ప్లైవుడ్ తీసుకుని పైనా కిందా, ముఖ్యంగా కోసిన అంచులకి, రెండు పూతలు ఎనామిల్ పెయింటు వేస్తే సగం గొడవ తీరుతుంది. ఒక్క పైవైపే వేస్తే బల్ల వంగిపోతుంది.

ఖాళీ సంగతి: వంపులో అతుకులు టంకమే ఉండనివ్వండి, వంపు రెండు కొసల్లో, తిన్నని చోట వదలండి. చలికాలం వేస్తే రెండు విజిటింగ్ కార్డుల మందం, మే నెలలో వేస్తే ఒక కార్డు చాలు. వానాకాలం అసలు వేయకపోతే మంచిది. వేశారంటే రెండున్నర కార్డులు వదలండి. ఖాళీ వదిలిన జాయినర్ మీద కరెంటు కోసం ఆధారపడకండి. ప్రతి ముక్కకీ కిందనుంచి ఒక జత ఫీడర్ వైర్లు టంకం పెట్టాలి, లేకపోతే ఉప్పు గాలికి జాయినర్ లోపల నలుపెక్కి, ఒక రోజు బండి వంపు మధ్యలో ఆగిపోతుంది.

ఉబ్బిన వంపుని లోపలికి నొక్కి మళ్లీ మేకులు కొట్టకండి. కొసల్లో రెండు పట్టాలనీ సన్న రంపంతో కోసి ఖాళీ ఇవ్వండి, చాలావరకు అదే గీత మీదికి వస్తుంది.

ప్రశ్న: తిన్నని లైను నుంచి వంపులోకి బండి ఒక్కసారి తల విసిరినట్టు తిరుగుతోంది. నిజం బళ్లలా మెల్లగా తిరగాలంటే? వంపులో బయటి పట్టా ఎత్తు చేయాలా?
(చీపురుపల్లి పాఠకుడు)

జవాబు: తిన్నదానికీ వృత్తానికీ మధ్య ఎంట్రీ వంపు లేదు, అందుకే ఆ విసురు. వృత్తాన్ని తిన్నని గీతకి తాకించకుండా కొంచెం లోపలికి జరపాలి. ఎంట్రీ పొడవుని దానితోనే గుణించి, రేడియస్‌కి 24 రెట్లతో భాగిస్తే జరపాల్సిన దూరం వస్తుంది. 600 రేడియస్‌కి 350 పొడవు ఎంట్రీ అయితే 8.5 మి.మీ. లోపలి లైను 540 రేడియస్, 490 ఎంట్రీ అయితే 18.5. వాటి తేడా 10 మి.మీ. అందుకే విజయనగరం పాఠకుడికి వంపులో 10 మి.మీ. ఎక్కువ దొరికింది.

గీయడానికి వడ్రంగి దగ్గర దొరికే సన్న బీడింగ్ బద్ద ఒక మీటరు తెచ్చుకోండి. వృత్తాన్ని ముందు బద్దా మేకుతో గీయండి: మీటరు చెక్క బద్దకి ఒక కొస మేకు, 600 దగ్గర పెన్సిలు పట్టే బెజ్జం. ఎంట్రీలో సగం తిన్నని గీత మీద, సగం వృత్తం మీద పడుతుంది. రెండు కొసల దగ్గరా బీడింగ్‌ని ఆయా గీతల మీద మేకులతో నిలిపితే మధ్యలో అది దానంతటదే సరైన వంపు తిరుగుతుంది. దాని వెంటే పెన్సిలు లాగడమే.

ఎదురెదురు వంపులుంటే మధ్యలో కనీసం ఒక కోచీ పొడవు తిన్నగా వదలండి. లేకపోతే పక్కపక్క కోచీల కొనలు చెరో పక్కకి పోయి కప్లింగ్ ఒకదాన్నొకటి లాగేస్తాయి.

బయటి పట్టా ఎత్తు అందానికే, మోడల్ బండికి అవసరం లేదు. అసలు రైల్వేలో బ్రాడ్ గేజ్‌కి హద్దు 165 మి.మీ., 87వ వంతు దాదాపు 2 మి.మీ. మీరు ఒక మిల్లీమీటరు దాటకండి. బయటి స్లీపరు కొనల కింద అట్ట ముక్కలు పెట్టి, ఎంట్రీ పొడవునా సున్నా నుంచి మెల్లగా పెంచాలి. ఎక్కువ చేస్తే పొడవు బండిని లాగేటప్పుడు తేలిక వ్యాగన్లు లోపలికి పడిపోతాయి.

ప్రశ్న: ట్రాక్ వేయడం పూర్తయింది. కంకర బదులు కళింగపట్నం బీచి ఇసుక జల్లెడ పట్టి వేయొచ్చా? వంపులో జిగురు పోసేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?
(గార పాఠకురాలు)

జవాబు: బీచి ఇసుక వద్దు. ఉప్పు ఒక కారణం. అంతకన్నా పెద్దది, మన తీరం ఇసుకలో ఇల్మనైట్ లాంటి నల్ల ఖనిజాలున్నాయి. స్పీకర్ అయస్కాంతం ఒకటి కాగితంలో చుట్టి ఇసుకలో తిప్పి చూడండి, నల్ల రేణువులు అంటుకుని వస్తాయి. ఇంజను మోటారులో అయస్కాంతమే ఉంది. అవి అక్కడ చేరితే మోటారు గొంతు మారుతుంది, తరవాత పళ్ల చక్రాలు అరిగిపోతాయి. క్రషర్ దగ్గర దొరికే రాతి పొడిని టీ జల్లెడలో పట్టి, దుమ్ము కడిగి, ఎండబెట్టి వాడండి. దానికీ అయస్కాంతం పరీక్ష చేయండి.

వంపులో లోపలి వైపు స్లీపర్లు దగ్గరగా, బయటి వైపు ఎడంగా ఉంటాయి కాబట్టి కంకర బయటి వైపు కొంచెం ఎక్కువ పడుతుంది. మెత్తటి కుంచెతో స్లీపరు పైభాగం కనబడేదాకా తోసి, ముందు రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు చిలకరించాలి. ఆ తరవాతే ఒక వంతు ఫెవికాల్, మూడు వంతుల నీళ్లు కలిపి డ్రాపర్‌తో పోయాలి. ముందు తడపకపోతే జిగురు చుక్కలు ఉండకట్టి కంకరని పక్కకి నెడతాయి. పిన్నులు ఇది పూర్తిగా ఆరాకే తీయండి. మామూలు రోజుల్లో ఒక రాత్రి, ముసురు పట్టినప్పుడు ఒకటిన్నర రోజు. ఆరాక పట్టా లోపలి అంచుల్లో ఇరుక్కున్న రేణువుల్ని పిన్ను మొనతో తీసి, బండి పెట్టే ముందు ఒంటరి వ్యాగన్‌ని వేలితో తోస్తూ వంపంతా రెండు వైపుల నుంచీ ఒకసారి నడపండి. ఎక్కడ గెంతితే అక్కడ ఇంకో రేణువు ఉన్నట్టే.